స్కూలు ఇచ్చే థెరపీ చాలనప్పుడు: అమెరికాలో ఐఈపీ మీద అభ్యంతరం ఎలా చెప్పాలి

“బాబు చాలా మెరుగయ్యాడు. ఇక స్పీచ్ థెరపీ వారానికి 30 నిమిషాలు సరిపోతుంది.” ఐఈపీ అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి స్కూలు రాసిచ్చే విద్యా ప్రణాళిక. దాని మీటింగులో ఈ మాట ఎంత తీయగా చెబుతారంటే, తల్లిదండ్రులు సంతోషించి, థాంక్స్ చెప్పి, సంతకం పెట్టి బయటికి వస్తారు. కారెక్కాక గుర్తొస్తుంది, మెరుగయ్యాడన్న బాబు బడిలో ఏం జరిగిందో ఇప్పటికీ రెండు వాక్యాల్లో చెప్పలేడని.

మన వాళ్లకు టీచరంటే గౌరవం, దానికి తోడు మొహమాటం. ఎదురుచెబితే పిల్లవాడి మీద కోపం చూపిస్తారేమోనన్న భయం ఒకటి, వీసా మీద ఉన్నాం కదా అన్న సంకోచం ఇంకొకటి. రెండింటినీ మొదటే పక్కన పెట్టండి. ప్రత్యేక విద్య హక్కులు పిల్లవాడివి. తల్లిదండ్రుల వీసా ఏదన్నది అందులో లెక్కకు రాదు. హక్కు అడిగినందుకు కక్ష సాధించడాన్ని 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504 నిషేధిస్తుంది. 1975లో వచ్చి, 1990లో పేరు మార్చుకుని, 2004లో సవరణ పొందిన ఐడీఈఏ అనే ప్రత్యేక విద్య చట్టమైతే తల్లిదండ్రులను ఐఈపీ బృందంలో సభ్యులుగానే లెక్కించింది. మీరు ఆ టేబుల్ దగ్గర అతిథులు కారు.

ఈ వ్యాసంలో చెప్పేది ప్రభుత్వ స్కూళ్లకు, చార్టర్ స్కూళ్లకు (ప్రభుత్వ నిధులతో విడిగా నడిచే బళ్లకు) వర్తిస్తుంది. మీరే ఫీజు కట్టి ప్రైవేటు స్కూల్లో చేర్పించి ఉంటే మీ హక్కులు బాగా తగ్గిపోతాయి, అది వేరే కథ.

ముందు, తగువు దేని మీదో తేల్చుకోండి

తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. “థెరపీ సరిగా ఇవ్వడం లేదు” అన్న ఒక్క మాటలో నాలుగు వేర్వేరు ఫిర్యాదులు దాగి ఉంటాయి. ఒక్కోదానికి దారి వేరు.

మొదటిది, ఐఈపీలో రాసింది ఇవ్వకపోవడం. థెరపిస్టు ఉద్యోగం మానేసింది, రెండు నెలలుగా సెషన్లు లేవు, అడిగితే “మనుషులు దొరకడం లేదు” అంటారు. ఇందులో వాదనకు తావే లేదు. సిబ్బంది కొరత స్కూలు సమస్య, దానికి మీ బిడ్డ సెషన్లు బలి కావలసిన పని లేదు. పోగొట్టిన సెషన్లకు బదులుగా అదనపు సేవలు అడగవచ్చు. వీటిని కాంపెన్సేటరీ సర్వీసెస్ అంటారు.

రెండోది, రాసిందే చాలకపోవడం, లేదా ఉన్నదాన్ని తగ్గించడం. ఇది అభిప్రాయ భేదం కాబట్టి ఆధారాలతో గెలవాలి. మూడోది, స్కూలు చేసిన పరీక్ష, అంటే ఎవాల్యుయేషన్, తప్పుగా ఉండటం. దీనికి ప్రత్యేకమైన మందు ఉంది, కింద చెబుతాను.

నాలుగోది థెరపీ పద్ధతి గురించిన తగువు. ఫలానా పద్ధతిలోనే, ఫలానా థెరపిస్టే చేయాలని పట్టుబట్టడం అన్నమాట. నా సలహా అడిగితే, సాధ్యమైనంతవరకు దీని జోలికి పోకండి. పద్ధతి ఎంచుకునే వెసులుబాటును కోర్టులు చాలావరకు స్కూళ్లకే వదిలేశాయి. “ఈ పద్ధతి మార్చండి” అనే బదులు “ఈ పద్ధతిలో ఏడాది గడిచినా పురోగతి లేదు, ఇప్పుడేం చేస్తారు?” అని అడిగితే బంతి వాళ్ల కోర్టులో ఉంటుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. పిల్లవాడిని చూడకముందే “మా డిస్ట్రిక్టులో అది ఇవ్వం” అని నిర్ణయించుకుని మీటింగుకు వస్తే అది చట్ట ఉల్లంఘన. 2004లో టెనెసీ రాష్ట్రానికి చెందిన డీల్ వర్సెస్ హామిల్టన్ కౌంటీ కేసులో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఈ మాటే చెప్పింది. “ఎవరికైనా మేం ఇచ్చేది 30 నిమిషాలే” అని ఎవరైనా నోరు జారితే తేదీతో సహా రాసిపెట్టుకోండి.

కాగితాలు తెప్పించుకోండి, సేవల పట్టిక చదవండి

పిల్లవాడి రికార్డులన్నీ చూపమని స్కూలుకు ఈమెయిల్ పెట్టండి. ఎంత ఆలస్యమైనా 45 రోజులు దాటకూడదు. ఆ లోపే ఐఈపీ మీటింగు ఉంటే అంతకుముందే చూపాలి. ఎవాల్యుయేషన్ నివేదికలు, పాత ఐఈపీలు, ప్రోగ్రెస్ రిపోర్టులు మాత్రమే అడిగి ఊరుకోకండి. థెరపిస్టు సెషన్ లాగ్, సెషన్‌లో నమోదు చేసిన డేటా షీట్లు పేరు పెట్టి అడగండి. పేరు పెట్టి అడగనివి మామూలుగా రావు.

కాగితాలు వచ్చాక ఐఈపీలోని సేవల పట్టిక ముందు పెట్టుకోండి. “స్పీచ్ అండ్ లాంగ్వేజ్, గ్రూపు, నెలకు 120 నిమిషాలు” అని ఉందనుకుందాం. చూడటానికి వారానికి అరగంట అనిపిస్తుంది. కానీ నెల లెక్కలో రాస్తే ఒక వారం ఎగ్గొట్టి మరో వారం గంటసేపు కూర్చోబెట్టినా లెక్క సరిపోతుంది. నాలుగేళ్ల పిల్లవాడికి గంటసేపు ఏకబిగిన థెరపీ ఎంత ఉపయోగమో మీకే తెలుసు. ఇక గ్రూపు సంగతి. ఆ గ్రూపులో ఐదుగురు పిల్లలుంటే అరగంటలో ఒక్కొక్కరికి వచ్చేది 6 నిమిషాలు. క్లాసు నుంచి గదికి నడిచి వెళ్లే సమయం కూడా అందులోనే కలిపారా? గ్రూపులో ఎంతమంది, ఎవరి అవసరాలు ఎలాంటివి? ఇవి అడగదగ్గ ప్రశ్నలే.

“అవసరాన్ని బట్టి”, “30 నిమిషాల వరకు” లాంటి మాటలు కనిపిస్తే ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. సున్నా నిమిషాలు కూడా “30 నిమిషాల వరకు” కిందికే వస్తుంది. ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎక్కడ, ఎప్పటి నుంచి అన్నవి ఐఈపీలో స్పష్టంగా ఉండాలని చట్టమే చెబుతోంది. డైరెక్ట్ అని ఉందా, కన్సల్టేషన్ అని ఉందా అన్నదీ చూడండి. కన్సల్టేషన్ అంటే థెరపిస్టు టీచరుతో మాట్లాడుతుంది, మీ బిడ్డతో కాదు. డైరెక్ట్ థెరపీని కన్సల్టేషన్‌గా మార్చి “సేవ కొనసాగుతోంది” అనడం మామూలుగా జరిగే పనే.

లక్ష్యాల్లోనే మీ వాదన దొరుకుతుంది

గత రెండు మూడేళ్ల ఐఈపీలను పక్కపక్కన పెట్టి లక్ష్యాలు మాత్రమే చదవండి. “మూడు పదాల వాక్యంతో కావలసింది అడుగుతాడు, 5 ప్రయత్నాల్లో 4 సార్లు” అని రెండో తరగతిలో ఉంది. మూడో తరగతిలోనూ అదే వాక్యం, అదే లెక్క. ప్రోగ్రెస్ రిపోర్టుల్లో మాత్రం ప్రతిసారీ “పురోగతి సాధిస్తున్నాడు” అని టిక్కు. ఏడాది మొదట్లో అతను ఎక్కడున్నాడో చెప్పే అంకె, ఏడాది చివరి అంకె అడగండి. 5కి 2 నుంచి మళ్లీ 5కి 2 దగ్గరే ఆగిపోయి ఉంటే, మీరు ఇంకేమీ వాదించనక్కర్లేదు. ఆ రెండు అంకెలే వాదిస్తాయి.

2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఎండ్రూ ఎఫ్. వర్సెస్ డగ్లస్ కౌంటీ కేసు నేపథ్యం సరిగ్గా ఇదే. కొలరాడోలో ఆటిజం ఉన్న బాబు, ఏటా దాదాపు అవే లక్ష్యాలతో ఐఈపీలు. ఏదో కొంచెం మెరుగైతే చాలదని, ఆ పిల్లవాడి పరిస్థితికి తగిన పురోగతి సాధించేలా ఐఈపీ ఉండాలని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. మీటింగులో కేసు పేర్లు వల్లించనక్కర్లేదు. “ఈ పరిస్థితుల్లో తగిన పురోగతి ఇదేనా?” అని అడగండి. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఎదుటివాళ్లకు తెలుస్తుంది.

మన పిల్లల విషయంలో తరచూ వినిపించే మరో మాట: “లెక్కల్లో మంచి మార్కులు వస్తున్నాయి కదా, థెరపీ ఎందుకు?” మార్కులు బాగున్నంత మాత్రాన, పై తరగతికి వెళుతున్నంత మాత్రాన సేవలు అక్కర్లేదని అనడానికి వీల్లేదు. చట్టం కింది నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది. తోటి పిల్లలతో మాట కలపలేకపోవడం, జట్టుగా చేసే పనిలో పక్కకు జరిగిపోవడం, రెండు వరుసలు రాసేసరికి చేయి నొప్పెట్టి పెన్సిల్ పడేయడం కూడా చదువులో భాగమే.

బయట క్లినిక్‌లో థెరపీ ఇప్పిస్తున్నారా? ఆ థెరపిస్టు నివేదికను స్కూలుకు ఇస్తే దాన్ని పరిగణనలోకి తీసుకోవాలి. అయితే దాన్ని శిరసావహించాలని లేదు. “వారానికి రెండు గంటలు ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, అంటే చేతి పనులు, రోజువారీ పనులు నేర్పే థెరపీ) అవసరం” అని డాక్టరు చీటీ రాసిస్తే, “అది వైద్యం, మాది విద్య” అని తేలిగ్గా తోసిపుచ్చుతారు. అందుకని చీటీ బదులు క్లాసురూమును దృష్టిలో పెట్టుకుని రాయమనండి. రాత, కత్తెర పట్టడం, భోజనం డబ్బా తెరవడం, గోలలో కుదురుగా కూర్చోవడం గురించి రాసిన ఒక్క పేజీ, రోగనిర్ధారణ కోడ్లు నిండిన పది పేజీల కన్నా బాగా పనిచేస్తుంది.

ఉత్తరం రాయండి, కారణం రాతపూర్వకంగా అడగండి

ఫోనులో, కారిడార్లో, పికప్ లైన్లో ఇచ్చిన హామీలన్నీ నీటిమూటలు. ఎవరితో ఏం మాట్లాడినా ఆ సాయంత్రమే నాలుగు వరుసల ఈమెయిల్ పెట్టండి: ఈరోజు మీరు ఇలా అన్నారు, నాకు ఇలా అర్థమైంది, పొరపాటైతే చెప్పండి.

అసలు ఉత్తరం కూడా చిన్నదే. పిల్లవాడి పేరు, తరగతి. మీకేం కావాలో ఒక వాక్యంలో: స్పీచ్ థెరపీ వారానికి రెండుసార్లు, 30 నిమిషాల చొప్పున, గ్రూపులో కాకుండా విడిగా ఒక్కడికే. ఎందుకో మూడు వాక్యాల్లో, అంకెలతో. ఫలానా తేదీలోగా ఐఈపీ మీటింగు పెట్టమని అభ్యర్థన. చివర్లో తప్పనిసరిగా ఈ మాట: “మీరు నిరాకరిస్తే ప్రయర్ రిటెన్ నోటీస్ ఇవ్వండి.” కోపం, వెటకారం, బెదిరింపు వద్దు. రేపు తగువు తేల్చే హియరింగ్ ఆఫీసరు చదివినా తలదించుకోనక్కర్లేని ఉత్తరం రాయండి.

ఈ ప్రయర్ రిటెన్ నోటీస్ విలువ చాలామందికి తెలియదు. సేవలో మార్పు చేయాలన్నా, మీరు అడిగింది కాదనాలన్నా, ఏం చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు, ఏ పరీక్షలు, రికార్డులు ఆధారం, ఇంకా ఏ ప్రత్యామ్నాయాలు ఆలోచించి ఎందుకు వదిలేశారు అన్నవన్నీ స్కూలు రాసివ్వాలి. “బడ్జెట్ లేదు”, “మా విధానం ఇంతే” అన్నవి నోటితో చెప్పినంత సులువుగా కాగితం మీద పెట్టలేరు. నిజంగా కారణం లేని నిరాకరణలు కొన్ని ఈ దశలోనే కరిగిపోతాయి.

పరీక్ష మీదే అనుమానం ఉంటే

స్కూలు చేసిన ఎవాల్యుయేషన్‌తో మీరు ఏకీభవించకపోతే, స్కూలు ఖర్చుతో బయటి నిపుణుల చేత మళ్లీ చేయించమని అడిగే హక్కు ఉంది. దీన్ని ఐఈఈ (ఇండిపెండెంట్ ఎడ్యుకేషనల్ ఎవాల్యుయేషన్) అంటారు. రెండు వాక్యాలు చాలు: ఫలానా తేదీ ఎవాల్యుయేషన్‌తో నేను ఏకీభవించడం లేదు, ప్రభుత్వ ఖర్చుతో ఐఈఈ కోరుతున్నాను. స్కూలు కారణం అడగవచ్చు, కానీ చెప్పి తీరాలని పట్టుబట్టకూడదు. అప్పుడు స్కూలుకు రెండే దారులు. అనవసర జాప్యం లేకుండా ఐఈఈకి ఒప్పుకోవాలి, లేదా తమ పరీక్ష సరైనదేనని నిరూపించుకోవడానికి తామే డ్యూ ప్రాసెస్ (హియరింగ్ ఆఫీసరు ముందు నడిచే అధికారిక కేసు) వేయాలి. స్కూలు చేసిన ఒక్కో ఎవాల్యుయేషన్‌కు ఒక్క ఐఈఈ మాత్రమే దొరుకుతుంది కాబట్టి నిపుణులను చూసి ఎంచుకోండి.

నివేదికలో మొత్తం స్కోరు చూసి ఊరుకోకండి. ఇలాంటి చాలా పరీక్షల్లో సగటు 100. 85 వస్తే “సగటు పరిధిలోనే ఉన్నాడు” అంటారు. అదే 85 అంటే దాదాపు 16వ పర్సెంటైల్, వందమందిలో ఎనభైమందికి పైగా అతనికన్నా ముందున్నారని. పదసంపద బాగున్న పిల్లవాడి మొత్తం స్కోరు పైకి లేచి, సంభాషణ నడపలేని బలహీనతను కప్పేస్తుంది. విడివిడి భాగాల స్కోర్లు అడిగి చూడండి.

ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పరీక్ష పిల్లవాడి సొంత భాషలో, లేదా అతని గురించి సరైన సమాచారం తెలిసే రూపంలో జరగాలని నిబంధన. అది బొత్తిగా సాధ్యం కాకపోతేనే మినహాయింపు. ఇంగ్లీషు పరీక్ష ఒక్కటే పెడితే రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. థింక్ అనే మాటలో తొలి శబ్దం తెలుగులో లేదు. వైన్ (wine), వైన్ (vine) లాంటి మాటల్లో ఇంగ్లీషువాళ్లు వేరుగా పలికే రెండు వకారాల తేడా కూడా మనకు లేదు. వీటిని ఉచ్చారణ దోషాలుగా లెక్కగట్టడం మొదటి పొరపాటు. అది లోపం కాదు, భాషాభేదం. దీనికి తలకిందులుగా, “ఇంట్లో రెండు భాషలు కాబట్టి మాట ఆలస్యం, థెరపీ అక్కర్లేదు” అని కొట్టిపారేయడం ఇంకా ప్రమాదం. రెండు భాషలు వినడం వల్ల భాషాలోపం రాదు. నిజమైన లోపం ఉంటే అది తెలుగులోనూ కనిపిస్తుంది. అమ్మమ్మతో ఫోనులో ఎలా మాట్లాడతాడో, అదే వయసు తెలుగు పిల్లలతో పోలిస్తే ఎక్కడ తడబడతాడో రాసివ్వండి, చిన్న వీడియోలు చూపండి, తెలుగు తెలిసిన దుబాసీతో పరీక్షించమని రాతపూర్వకంగా కోరండి. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే చిరునవ్వుతో విని వదిలేయండి.

మీటింగులో

దుబాసీ కావాలంటే ముందే రాసి అడగండి. ఏర్పాటు చేయడం స్కూలు బాధ్యత. నాన్నకు ఇంగ్లీషు ధారాళంగా వచ్చని అమ్మను మౌనంగా కూర్చోబెట్టే ఇళ్లు ఎన్నో. రోజంతా బిడ్డను చూసేది ఆమె అయితే మాట్లాడవలసిందీ ఆమే. పిల్లవాడి గురించి తెలిసినవారిని, క్లినిక్ థెరపిస్టును, తల్లిదండ్రుల పక్షాన మాట్లాడే అడ్వొకేట్‌ను (లాయరే కానక్కర్లేదు) వెంట తీసుకెళ్లవచ్చు. రికార్డింగు విషయంలో రాష్ట్రానికో పద్ధతి కాబట్టి ముందే కనుక్కుని, చేస్తున్నట్టు మెయిల్‌లో తెలియజేయండి. ప్రతి రాష్ట్రంలోనూ ఫెడరల్ నిధులతో నడిచే పేరెంట్ ట్రైనింగ్ అండ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ కనీసం ఒకటి ఉంటుంది. న్యూజెర్సీలో స్పాన్, టెక్సాస్‌లో పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్ అలాంటివే. సలహాకు డబ్బు తీసుకోరు. లాయరు దగ్గరికి వెళ్లే ముందు అక్కడికి వెళ్లండి.

సంతకం దగ్గర జాగ్రత్త. హాజరైనట్టు పెట్టే సంతకం వేరు, ఒప్పుకున్నట్టు పెట్టే సంతకం వేరు. ఏ గడి కింద పెడుతున్నారో చదవండి, ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామని చెప్పండి. కాలిఫోర్నియా, మసాచుసెట్స్‌లలో నచ్చిన భాగాలకు ఒప్పుకుని మిగతాది తిరస్కరించవచ్చు. టెక్సాస్‌లో ఈ మీటింగును ఏఆర్‌డీ అంటారు. అక్కడ ఏకాభిప్రాయం రాకపోతే మళ్లీ కూర్చోవడానికి 10 స్కూలు రోజుల వరకు విరామం ఇస్తారు. కోపంలో “అసలు మాకు మీ సేవలే వద్దు” అని మాత్రం రాసివ్వకండి. అంగీకారం పూర్తిగా వెనక్కి తీసుకుంటే ఒక్క థెరపీ కాదు, ప్రత్యేక విద్య మొత్తం ఆగిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. సంతకం పెట్టకపోతే ఏమీ మారదని చాలామంది నమ్మకం. చాలా రాష్ట్రాల్లో అది నిజం కాదు. నోటీసు ఇచ్చి, కొన్ని రోజులు ఆగి, కొత్త ఐఈపీని అమలు చేసేస్తారు. పాత సేవలను పట్టి ఉంచేది స్టే పుట్ అనే నిబంధన. అది మామూలుగా డ్యూ ప్రాసెస్ వేసినప్పుడే పనిచేస్తుంది, కొన్ని రాష్ట్రాల్లో మీడియేషన్ (మధ్యవర్తిత్వం) కోరినా వర్తిస్తుంది. కాబట్టి తగ్గింపు నోటీసు రాగానే అది ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుందో చూసుకుని, ఆ లోపే కదలాలి.

స్కూలు దాటి వెళ్లవలసి వస్తే

రాసింది ఇవ్వకపోవడం, గడువులు దాటడం, నోటీసు ఇవ్వకపోవడం లాంటివైతే రాష్ట్ర విద్యాశాఖకు స్టేట్ కంప్లయింట్ పెట్టండి. ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపు సంతకంతో పంపాలి, ఒక ప్రతి స్కూలు డిస్ట్రిక్టుకు కూడా పంపాలి. ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు, మామూలుగా 60 రోజుల్లో తేలుస్తారు. పోగొట్టిన సెషన్లకు నా ఓటు దీనికే. సెషన్ లాగ్, ఐఈపీ పట్టిక జతచేస్తే సగం పని అయిపోయినట్టే.

ఎంత సేవ కావాలన్న తగువైతే మీడియేషన్ మంచి మెట్టు. ఇద్దరూ ఒప్పుకుంటేనే జరుగుతుంది, మధ్యవర్తి ఖర్చు రాష్ట్రానిది, అక్కడ మాట్లాడింది గోప్యం, కుదిరిన రాతపూర్వక ఒప్పందం కోర్టులో చెల్లుతుంది.

చివరిది డ్యూ ప్రాసెస్. దావాకు దగ్గరగా ఉంటుంది. ఫెడరల్ నియమం ప్రకారం విషయం తెలిసిన రెండేళ్లలోపు వేయాలి. వేసిన 15 రోజుల్లో స్కూలు రాజీ సమావేశం పెట్టాలి, 30 రోజుల రాజీ గడువు ముగిశాక 45 రోజుల్లో తీర్పు రావాలి. వాయిదాలతో ఇది సాగుతుందని ముందే అనుకోండి. నిరూపించే భారం కేసు వేసినవారిదేనని 2005లో షాఫర్ వర్సెస్ వీస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాలు ఆ భారాన్ని స్కూలు మీద పెట్టాయి. గెలిస్తే లాయరు ఫీజు రాబట్టుకునే అవకాశం ఉంది గానీ, 2006 నాటి ఆర్లింగ్టన్ సెంట్రల్ తీర్పు తర్వాత నిపుణుల సాక్ష్యానికి అయ్యే ఖర్చు మాత్రం రాదు. అది వేల డాలర్లలో ఉంటుంది. అందుకే ఇందులోకి దిగే ముందు ఒక్కసారైనా ప్రత్యేక విద్య లాయరుతో మాట్లాడండి.

హియరింగు దాకా పోకుండా రాజీ కుదిరితే, ఒప్పంద పత్రంలో రెండు చోట్ల ఆగి చదవండి. ఒకటి, మీరు ఏమేం హక్కులు వదులుకుంటున్నారు, ఎప్పటివరకు అన్నది. గతానికి సంబంధించినవి వదులుకోవడం సహజం, రాబోయే ఏళ్లవి కూడా కలిపేశారేమో చూడండి. రెండోది, బకాయి సెషన్లు ఎవరు ఇస్తారు, ఎన్ని గంటలు, ఏ తేదీలోగా పూర్తిచేస్తారు, అప్పటికి కాకపోతే బయటి క్లినిక్ బిల్లు ఎవరు కడతారు అన్నది. ఆ చివరి వాక్యం లేకపోతే రాయించండి, ఆ తర్వాతే సంతకం.